ఉతుకు సబ్బు, ఒంటి సబ్బు: సున్నితమైన చర్మమునకు తగినవి ఏవి?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బస్తరు సీమకు దక్షిణపు కొసను, తెలంగాణ సరిహద్దునకు చేరువగా, సుక్మా జిల్లాలో కిష్టారము అను పల్లె కలదు. తెలుగు మాట, కోయ మాట, హిందీ మాట ఒకే సంతలో వినవచ్చు ప్రాంతమిది. ఇక్కడి తల్లులకును, భద్రాచలము తల్లులకును, విశాఖపట్టణము తల్లులకును సమానముగా కలుగు చిక్కు ఒకటి ఉన్నది. పిల్లవాని మెడ మీదను, మోచేతుల మడతలలోను చర్మము ఎర్రబడి, పొడిబారి, దురద పెట్టుచుండును. రాత్రులు నిద్ర ఉండదు. గోళ్లతో గీరి నెత్తురు వచ్చును. ఇరుగుపొరుగువారు అంటువ్యాధియేమో యని తమ పిల్లలను దూరముగా ఉంచుదురు. మురికి వలన కలిగినదని తలచి తల్లి మరింత ఘాటైన సబ్బు కొనును, మరింత గట్టిగా రుద్దును. దురద తగ్గుటకు మారుగా హెచ్చును.

అట్టి తల్లి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వచ్చినదనుకొందము. ఛత్తీస్‌గఢ్‌లో ఈ కార్యకర్తను మితానిన్ అందురు. 2002లో మొదలైన ఏర్పాటు ఇది. వారిరువురి మాటలు ఇట్లుండవచ్చును.

"ఏం సబ్బుతోని ఉతికినవు చెల్లే?"

"సంతల మంచి వాసనొచ్చే పొడి కొన్న అక్కా. మురికి పోవాలని రెండింతలు వేసిన."

"నీళ్లు ఎన్నిసార్లు మార్చినవు?"

"ఒక్కసారే. బోరింగు దూరం గద."

ఈ చివరి మాటలోనే చిక్కు చాలవరకు దాగియున్నది. పొడి రెండింతలు, నీరు సగము. బట్టలో మిగిలిపోయిన సబ్బు చెమటతో తడిసి, పగలంతయు పిల్లవాని ఒంటికి రాచుకొనుచుండును. శుభ్రత యనగా సబ్బు ఎక్కువ వేయుట కాదు, వేసిన సబ్బును పూర్తిగా వదలించుట. ఈ ఒక్క సంగతిని మనసులో నిలుపుకొనినచో, ఏ వస్తువు కొనవలెను, ఏది మానవలెను అను ప్రశ్నలకు సమాధానములు సులువుగా దొరకును.

చర్మము ఒక గోడ

మన చర్మపు పైపొరను ఇటుకల గోడతో పోల్చవచ్చును. చదునైన మృతకణములు ఇటుకలు. వాటి నడుమ నుండు కొవ్వు పదార్థము సున్నము వంటిది. ఈ గోడ లోపలి తేమను బయటకు పోనీయదు, బయటి క్రిములను లోనికి రానీయదు. దాని ఉపరితలము కొంచెము పులుపు గుణము కలది. ఆమ్ల క్షార గుణములను కొలుచు పి.హెచ్. మానములో 7 అనునది తటస్థము. ఆరోగ్యవంతమైన చర్మము సుమారు 5 వద్ద నుండును. సామాన్యమైన సబ్బు 9, 10 వరకు పోవును. చాకలిసోడా, కట్టెబూడిద నీరు అంతకంటెను తీక్ష్ణమైన క్షారములు.

సబ్బు మురికితోపాటు గోడలోని కొవ్వును కూడ కొంత కరగించును. బలమైన చర్మము కొన్ని గంటలలో సర్దుకొనును. కాని కొందరికి పుట్టుకతోనే ఆ గోడ పలుచగా నుండును. అట్టివారి చర్మము త్వరగా పొడిబారి, పగిలి, వాపు పొందును. దీనినే వైద్యులు ఎగ్జిమా యందురు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి అశ్రద్ధ వలన వచ్చినదియు కాదు. ఎగ్జిమా గల బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుటకు ఎవరును జంకనక్కరలేదు.

ఇచట రెండు సంగతులను వేరుచేసి చూడవలెను. ఘాటైన వస్తువు ఎవరి చర్మమునైనను మండించుట ఒకటి. ఒకరికి మాత్రము పడని వస్తువు కొంచెము తగిలినను దద్దురు లేపుట మరియొకటి. ఈ రెండవదానినే అలెర్జీ యందురు. ఉతుకు పొడి వలన నిజమైన అలెర్జీ కలుగుట అరుదు. మంట, పొడిదనము కలుగుటయే హెచ్చు. కనుక పొడి పేరు మార్చుటకంటె దాని మోతాదును, జాడించు విధానమును మార్చుట ముందుగా చేయవలసిన పని.

నల్లజీడి నేర్పిన పాఠము

అడవిలో దొరకునది, చెట్టు నుండి వచ్చినది హాని చేయదని అనేకుల నమ్మకము. బస్తరు అడవులలోను, గోదావరి తీరపు అడవులలోను పెరుగు నల్లజీడి చెట్టు ఈ నమ్మకమును సరిదిద్దుచున్నది. హిందీలో దీనిని భిలావా యందురు. దీని గింజ పైతోలులో నల్లని జిగటరసము ఉండును. సున్నముతో కలిసినపుడు ఆ రసము బట్ట మీద చెరగని గుర్తుగా నిలుచును. అందుచేత పూర్వము చాకలివారు ఎవరి బట్ట ఎవరిదో తెలియుటకు ఈ రసముతో అంచున చిన్న గుర్తు పెట్టెడివారు. ఈ చెట్టునకు శాస్త్రజ్ఞులు పెట్టిన సెమెకార్పస్ అను పేరునకు గుర్తుపెట్టు కాయ యనియే అర్థము.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశములో నున్న అమెరికా సైనికులకు వింతయైన దద్దురులు లేచినవి. మెడ వెనుక, నడుము వద్ద, ఒక చిన్న చోట మాత్రమే పొక్కులు, దురద, రసికారుట కనిపించెను. సైనిక వైద్యులు పరిశీలింపగా, చొక్కా లోపల చాకలి గుర్తు ఎచ్చట తగులునో సరిగా అచ్చటనే దద్దురు ఉన్నట్లు తేలినది. ఈ సంగతిని వారు 1943లో తమ దేశపు వైద్య పత్రికలో ప్రకటించిరి. ఆ రసములోని పదార్థము జీడిమామిడి పెంకులోని నూనెకు దగ్గరి చుట్టము. ఉతికినను ఆ గుర్తు పోదు. పడనివారికి ఆ కొంచెమే చాలును.

ఈ కథలో మూడు పాఠములు గలవు. మొదటిది, చెట్టు నుండి వచ్చిన మాత్రమున వస్తువు మృదువైనది కాదు. రెండవది, బట్టలో మిగిలినది చర్మమునకు చేరును. మూడవది, దద్దురు ఎక్కడ లేచినదో గమనించినచో కారణము తరచుగా తెలియును. మెడ చుట్టు మాత్రమే ఉన్నచో చొక్కాపట్టీనో గొలుసునో శంకింపవలెను. నడుము చుట్టు ఉన్నచో మొలత్రాడును, లాగు బొందును, పట్టీని చూడవలెను. చేతులకు మాత్రమే ఉన్నచో చేయు పనిని చూడవలెను. ఒళ్లంతయు ఉన్నచో స్నానపు సబ్బును, బట్టల సబ్బును రెంటిని పరీక్షింపవలెను. నేడు బట్టలకు గుర్తు పెట్టదలచినవారు నల్లజీడి రసమునకు బదులు రంగుదారముతో రెండు కుట్లు వేసిన చాలును.

బట్టలు ఉతుకు విధానము

ఉతుకు పొడిని కొనునపుడు సువాసన లేనిది, రంగు లేనిది దొరికినచో దానిని ఎన్నుకొనవలెను. చర్మమునకు పడని వస్తువులలో సువాసన ద్రవ్యములది పెద్ద పాలు. బట్ట నుండి మల్లెపూల వాసన వచ్చుచున్నదనగా ఆ ద్రవ్యము బట్టలో ఇంకను మిగిలియున్నదని యర్థము. వాసన లేని పొడి దొరకని ఊళ్లలో, ఉన్నదానినే తక్కువగా వేసి ఎక్కువగా జాడించుట మేలు. బట్టలను మెత్తపరచుటకు చివరి నీటిలో కలుపు సువాసన ద్రవములు సున్నితమైన చర్మము గలవారికి అనవసరము. ఆ ద్రవములు బట్టలో నిలిచియుండుటకే చేయబడినవి.

నురుగు ఎక్కువైనచో మురికి ఎక్కువగా పోవునను మాట నిజము కాదు. సంచి మీద సూచించిన మోతాదును మించి వేసినచో బట్ట మరింత తెల్లబడదు. మిగిలిన పొడిని వదలించుటకు మరి రెండు బిందెల నీరు కావలసివచ్చును. నీరు దూరము నుండి మోయు ఇండ్లకు ఇది ముఖ్యమైన లెక్క. సబ్బు తగ్గించినచో నీరును మిగులును, శ్రమయు మిగులును.

బోరింగు నీరు కొన్నిచోట్ల గట్టి నీరుగా నుండును. అట్టి నీటిలో సున్నపు లవణములు ఎక్కువ. సబ్బు ఆ లవణములతో కలిసి తెల్లని తెట్టగా మారి బట్టకు, చర్మమునకు అంటుకొనును. సబ్బు త్వరగా నురుగు పట్టక, గిన్నె అంచున తెల్లని మడ్డి కట్టినచో ఆ నీరు గట్టిదని తెలిసికొనవచ్చును. అట్టిచోట బట్టలకు సబ్బుబిళ్ల కంటె డిటర్జెంటు పొడి మేలు. అది గట్టి నీటిలో తెట్ట కట్టదు. వాన నీరు అన్నిటికంటె మెత్తనిది. వర్షాకాలమున శుభ్రమైన పాత్రలలో పట్టిన వాన నీటిని చివరి జాడింపునకు వాడుకొనవచ్చును.

బట్టలను కనీసము రెండుసార్లు క్రొత్త నీటిలో జాడించవలెను. పిండినపుడు జారు నీరు జిగట లేక తేటగా నుండువరకు జాడించుట సరియైన గుర్తు. పసిబిడ్డ బట్టలను, రోగి బట్టలను మొదటనే విడిగా ఉతికి, ఉన్న మంచి నీటిని వాటికి ముందుగా వాడవలెను. సంతలో కొన్న క్రొత్త బట్టలను ఉతకక తొడుగరాదు. వాటిలో గంజి, విడిపోవు రంగులు, నేత మందులు ఉండవచ్చును. ఒంటికి తగులు బట్ట మెత్తని నూలుదైన మంచిది. ముతక ఉన్నియు, కొన్ని కృత్రిమపు నూలు బట్టలును దురదను పెంచును.

చాకలిసోడా, బ్లీచింగు పొడి, కట్టెబూడిద నీరు వాడు అలవాటు కొన్ని యిండ్లలో ఇంకను కలదు. వీటిని సున్నితమైన చర్మము గలవారి బట్టలకు వాడకుండుట మేలు. ఇతర బట్టలకు వాడినను వట్టి చేతులతో కలుపరాదు.

ఉతుకు చేతుల సంగతి

దద్దురు బిడ్డకే కాదు, ఉతుకు తల్లికిని వచ్చును. ప్రతిదినము గంటల తరబడి సబ్బునీటిలో నానుచు బట్టలు, గిన్నెలు కడుగు చేతులు వేళ్ల సందులలో పగులును. ఉంగరము క్రింద సబ్బు నిలిచి అక్కడ మొదట పుండు పడును. ఉతుకుటకు ముందు ఉంగరమును తీసివేయవలెను. పొడిని చేతితో కాక కర్రతో కలుపవలెను. రబ్బరు తొడుగులు దొరికినచో లోపల నూలు తొడుగు వేసి వాడవలెను. పని ముగియగానే చేతులను మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, నూనె గాని వాసన లేని లేపనము గాని రాయవలెను. చేతులు పగిలిన స్త్రీకి కూలిపనియు వంటపనియు రెండును కష్టమగును. కనుక ఈ జాగ్రత్త సోకు కొరకు కాదు, బ్రతుకు కొరకు.

ఒంటి సబ్బును ఎన్నుకొనుట

సబ్బు కాగితము మీద టి.ఎఫ్.ఎం. అను మూడక్షరముల ప్రక్క ఒక అంకె యుండును. అది సబ్బులోని మొత్తము కొవ్వు పదార్థపు పాలు. భారత ప్రమాణముల ప్రకారము మొదటి తరగతి స్నానపు సబ్బులో ఇది 76 శాతమునకు తగ్గరాదు. రెండవ తరగతికి 70, మూడవ తరగతికి 60. స్నానపు బిళ్లలు అని అమ్మువానిలో 40 శాతము వరకు కూడ తగ్గవచ్చును. అంకె ఎక్కువైనచో నింపుడు పదార్థములు తక్కువని యర్థము. అయినను ఎంత మంచి సబ్బైనను క్షారమే. సబ్బు కాని మృదువైన శుద్ధి ద్రవములు చర్మపు పులుపునకు దగ్గరగా నుండునట్లు చేయబడును. కొనగలిగినవారు ఎగ్జిమా గల బిడ్డకు వానిని వాడవచ్చును. కొనలేనివారు దిగులుపడనక్కరలేదు. చంకలకు, గజ్జలకు, పాదములకు, చేతులకు మాత్రము సబ్బు పెట్టి, మిగిలిన ఒంటిని గోరువెచ్చని నీటితో కడిగినచో పెద్ద ఖర్చు లేకయే మేలు కలుగును.

సబ్బు, లేపనముల మీద వ్రాయు గొప్ప మాటలకు మోసపోరాదు. అలెర్జీ కలిగింపనిది అని వ్రాయుటకు అమెరికాలో సైతము చట్టబద్ధమైన నిర్వచనము లేదని ఆ దేశపు ఆహార ఔషధ సంస్థయే చెప్పుచున్నది. మూలికలతో చేసినది అను మాటకు నల్లజీడి కథయే సమాధానము. మీథైల్ ఐసోథయాజోలినోన్ అను నిలువ మందు అనేకులకు దద్దురు కలిగించుటచే, ఒంటికి రాసి వదలివేయు లేపనములలో దాని వాడకమును ఐరోపా దేశముల కూటమి 2017లో నిషేధించినది. పదార్థముల పట్టిక ఎంత చిన్నదైన అంత మేలు. చదువు రానివారు బడికి పోవు పిల్లలచే ఆ పట్టికను చదివించుకొనవచ్చును.

స్నానపు నీటిలో క్రిమిసంహారక ద్రవమును పోయుట మంచిది కాదు. అది పగిలిన చర్మమును మండించును.

కుంకుళ్లు, సున్నిపిండి

కుంకుడుకాయలోని నురుగు పదార్థము బట్టలకును తలకును తరతరములుగా వాడబడుచున్నది. పట్టుబట్టలకు, ఉన్నికి ఇది మంచిది. గింజ తీసి, నానబెట్టి, పిసికి, వడగట్టిన రసమును పలుచగా వాడవలెను. కంట పడినచో తీవ్రముగా మండునని ప్రతి తెలుగు బిడ్డకును అనుభవమే. చిక్కని రసము పగిలిన చర్మమును కూడ అట్లే బాధించును. సున్నిపిండి మెత్తనిదైనచో ఆరోగ్యవంతమైన చర్మమునకు హాని చేయదు. కాని ముతక పిండితో రుద్దుట ఎగ్జిమా గల చోట గోళ్లతో గీరుటతో సమానము. అందులో పసుపు, సుగంధపు పొడులు ఎక్కువగా కలుపరాదు.

నూనెలు, లేపనములు

పొడి చర్మమునకు మొదటి మందు తేమను నిలుపుట. స్నానము అయిదు పది నిమిషములలో ముగించి, ఒంటిని రుద్దక మెత్తని గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే లేపనము రాయవలెను. సువాసన లేని పెట్రోలియం జెల్లీ చవుకైనది, ఎక్కువమందికి పడునది. కొబ్బరినూనెయు మేలు చేయును. పొద్దుతిరుగుడు నూనె కూడ మంచిదే. ఢాకా నగరపు శిశు వైద్యశాలలో నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాయగా, వారికి రక్తములో క్రిములు చేరుట తగ్గినట్లు 2005లో ప్రకటింపబడినది. ఆవనూనెలో ఘాటైన పదార్థము ఉండుటచే సున్నితమైన చర్మమునకు అది తగదు. బస్తరులో ఇప్పగింజల నుండి తీయు నూనెను వాడదలచినవారు, తాజాదై కారు వాసన లేనిదానిని, ఈ క్రింద చెప్పిన పరీక్ష చేసిన పిమ్మటనే వాడవలెను.

ఒక హెచ్చరిక. నూనె, జెల్లీ ఇంకిన బట్టలు త్వరగా మంటనంటుకొనును. కట్టెల పొయ్యి యొద్దను, దీపము యొద్దను అట్టి బట్టలతో కూర్చుండరాదు. పిల్లలను అసలే ఉంచరాదు.

క్రొత్త వస్తువును పరీక్షించుట

ఏ లేపనమునైనను, నూనెనైనను ఒంటికంతటికి ఒకేసారి రాయరాదు. ముంజేతి లోపలి వైపున రూపాయి బిళ్ల అంత చోట దినమునకు రెండుసార్లు చొప్పున ఏడు దినములు రాసి చూడవలెను. ఎరుపు, దురద, పొక్కులు లేకున్నచో వాడవచ్చును. సబ్బు వంటి కడిగివేయు వస్తువును మాత్రము అట్లు రాసి వదలరాదు. చేతి మీద కొద్దిచోట వాడి కడిగి చూడవలెను. ఒకేసారి రెండు వస్తువులను మార్చినచో ఏది పడలేదో తెలియదు. ఒక్కొక్కదానిని మార్చి, రెండేసి వారములు ఆగి చూచుట సరియైన పద్ధతి.

సబ్బు మార్చినను తగ్గనిచో

ప్రతి దురదకును సబ్బు కారణము కాదు. రాత్రివేళ దురద ఎక్కువై, వేళ్ల సందులలోను, మణికట్టు వద్దను, నడుము వద్దను చిన్న పొక్కులు లేచి, ఇంటిలో మరి ఇద్దరు ముగ్గురు గీరుకొనుచున్నచో అది గజ్జి కావచ్చును. గజ్జి కంటికి కనబడనంత చిన్న పురుగు వలన కలుగును. వైద్యుడు చెప్పినట్లు పెర్మెత్రిన్ మందును ఇంటిలోని వారందరును ఒకే దినమున రాసికొని, వారము పిమ్మట మరల రాసికొనవలెను. బట్టలను, దుప్పట్లను వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఉతుకుటకు వీలుకాని వానిని సంచిలో మూటగట్టి వారము దినములు ప్రక్కన ఉంచవలెను. గుండ్రముగా అంచు కట్టి పెరుగు మచ్చ తామర కావచ్చును. దానికి వేరు మందు.

ఈ మూడింటికిని ఒకే గొట్టపు మందు రాయుట నేడు పల్లెలకు కూడ ప్రాకిన దురలవాటు. స్టిరాయిడు కలిసిన లేపనము దురదను రెండు దినములలో అణచును, కాని తామరను లోలోపల పెంచును, చర్మమును పలుచన చేయును. అందుచేతనే 2018లో భారత ప్రభుత్వము అనేక స్టిరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని నియమించినది. వైద్యుడు వ్రాసిచ్చినపుడు, చెప్పిన చోట, చెప్పినన్ని దినములు వాడినచో అదే మందు ఎగ్జిమాకు మేలు చేయును.

చీము పట్టుట, పసుపురంగు పక్కు కట్టుట, జ్వరము వచ్చుట, బాధతో కూడిన నీటి పొక్కులు గుంపుగా లేచుట, నిద్రలేక బిడ్డ కృశించుట కనబడినచో ఆలస్యము చేయక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పోవునపుడు వాడిన సబ్బు కాగితములను, పొడి సంచిని, లేపనపు గొట్టమును వెంట తీసికొనిపోవలెను. అవి వైద్యునికి సగము కథ చెప్పును.

మరల ఆ తల్లి యొద్దకు వత్తము. ఆమె చేయవలసినది పెద్ద పని కాదు. పొడిని చెప్పిన కొలతకు తగ్గించుట, బిడ్డ చొక్కాను ముందుగా ఉతికి రెండుసార్లు జాడించుట, ఒంటికి సబ్బు మితముగా పెట్టుట, స్నానము కాగానే కొబ్బరినూనె గాని జెల్లీ గాని రాయుట, గోళ్లు కత్తిరించుట. రెండు మూడు వారములు ఓపికతో ఇట్లు చేసినచో అనేకమంది బిడ్డలకు మార్పు కనబడును. కనబడనిచో వైద్యుని సలహా పొందవలెను. ఎగ్జిమా కొందరిలో వచ్చుచు పోవుచుండును. మరల వచ్చినపుడు నిరాశపడరాదు. ఆమె ఇరుగుపొరుగువారు చేయవలసిన పని ఇంకను చిన్నది. ఆ బిడ్డను తమ పిల్లలతో ఆడుకొననీయవలెను.